మెంబరన్న టూరు

“ఇది వద్దు. దీనికన్నా ఖరీదుది తీయమను,” అన్నాడు శేషయ్య, కౌంటరు మీద పరిచిన తెల్లచొక్కాను వేలితో పక్కకు నెడుతూ.

మహేష్ పళ్ళు కొరికాడు. నంద్యాలలో పొద్దున్నుంచి బట్టల షాపులు ఎక్కి దిగడంతోనే సరిపోతోంది.

“అన్నా, ఒంటికి సరిపోయింది గదా. ఇంగేం కావల్ల?”

“నా ఒంటి సంగతి నీకెందుకప్పా? మీ ఓబులేసుకు ఫోన్ చేసి చెప్పు. మెంబరన్న అలిగినాడు, చాగలమర్రి బస్సెక్కి పోతాడంట అని.”

అంతే. ఖరీదు చొక్కా వచ్చింది. దాని వెనకే పట్టుపంచె, తోలుచెప్పులు, చేతిగడియారం వచ్చాయి. మహేష్ బిల్లు కడుతుంటే శేషయ్య మీసాల చాటున నవ్వుకున్నాడు. మొన్నమొన్నటిదాకా ఇదే మహేష్, ఎదురుపడి నమస్కారం పెడితే తల కూడా ఆడించలేదు.

మండలాధ్యక్షుడి ఎన్నిక దగ్గర పడింది. పోటీలో ఉన్న ఓబులేసుకు పదిమంది మెంబర్లు, అవతలి పార్టీకి పదిమంది. ఏ జెండా పట్టకుండా గెలిచిన సీటు ఒక్కటే మిగిలింది. అది శేషయ్య ఇంటిది. ఆ ఓటు చేజారకూడదని ఓబులేసు చెప్పిందే ఆలస్యం, మహేష్ కారేసుకుని పోయి శేషయ్యను ఎక్కించుకున్నాడు.

శేషయ్య ఒకే కోరిక కోరాడు. ఉపాధ్యక్షుడి కుర్చీలో తను కూర్చోవాలి. ఆ ఆఫీసు వరండాలో అర్జీలు పట్టుకుని ఎన్నేళ్ళు నిలబడ్డాడో అతనికే తెలుసు. ఒక్కడంటే ఒక్కడు కూర్చోమన్న పాపాన పోలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని, ఆ ఒక్కొక్కడినీ ఎదురుగా నిలబెట్టాలి.

“ఫ్రెండ్సందరం టూరుకొచ్చినాం,” అని మహేష్ లాడ్జిలో చెప్పాడు. మంచి ఫ్రెండ్సే! గది బయట ఒకడు కాపలా. బాత్‌రూముకు పోతే తలుపు దగ్గర ఇంకొకడు. ఫోను మొదటిరోజే లాక్కున్నారు. మహానందికి తీసుకుపోయి, కోనేట్లో మునిగేటప్పుడు కూడా రెండు పక్కలా రెక్కలు పట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం బిర్యానీ తెప్పించారు.

“ముక్క గట్టిగుంది,” అన్నాడు శేషయ్య.

“నిన్న సంకటి మెత్తగుందంటివి. మొన్న ఉగ్గానిలో కారం లేదంటివి. ఇంట్లో రోజూ ఏం తింటాండావన్నా?”

“ఏం తింటే నీకేందిరా? మీ ఇంటికొచ్చి అడుక్కు తింటినా?”

“ఇప్పుడు తింటాండేది ఎవరిది మరి?”

శేషయ్య ప్లేటు నెట్టేశాడు. మహేష్ దాన్ని మళ్ళీ అతని ముందుకే నెట్టాడు.

“తిను. ఎన్నికయినాక నీ మొగం జూసేవాడుండడు.”

“అయినాక నేను కుర్చీలో ఉంటా. నువ్వు వరండాలో ఉంటావ్. గుర్తు పెట్టుకో.”

సాయంత్రం మహేష్ తన ఫోన్లోంచి, స్పీకర్ పెట్టి, అతన్ని ఇంటికి మాట్లాడనిచ్చాడు.

“అవతలి పార్టీవాళ్ళు ఈడికొస్తాండారు,” అంది భార్య దేవమ్మ. “దినామూ వస్తాండారు.”

“రానీ. నేను యాడుండానో మాత్రం చెప్పొద్దు.”

“నీ గురించేం అడగల్యా.”

మహేష్ కిసుక్కున నవ్వాడు. శేషయ్యకు ఒళ్ళు మండింది. “కాఫీలిచ్చి పంపీ. రాజకీయాలు నీకేం తెలుసు?”

“అది గాదు, ఇను...”

ఫోన్ పెట్టేశాడు. “ఆడోళ్ళతో ఇదే తంటా,” అన్నాడు.

“నిజమేన్నా,” అన్నాడు మహేష్. టూరు మొత్తంలో వాళ్ళిద్దరికీ పొత్తు కుదిరిన మాట అదొక్కటే.

ఎన్నికరోజు తిరుగుప్రయాణంలో, ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల దగ్గర శేషయ్య కారాపించాడు.

“కుర్చీ ఎక్కినాక ఊర్లో నాదొకటి పెట్టించల్ల. ఎంతయితాదో అడుగు.”

“బతికుండేవాళ్ళకు చెక్కరంట.”

“నువ్వు అడగనే లేదు గదరా!”

“అడిగేదేముంది? ఆ మొగం చెక్కితే మంచి రాయి పాడు.”

దాని మీద ఇద్దరూ అరగంట తిట్టుకున్నారు. ఓబులేసు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. “వస్తాండామని ఎన్నిసార్లు చెప్పల్ల ఈయప్పకు?” అంటూ మహేష్ ఎత్తకుండానే ఫోన్‌ను జేబులో కుక్కాడు.

మండలాఫీసు చేరేసరికి గేటు దగ్గర పోలీసులు, జనం. లోపల చేతులెత్తించడం మొదలైందని ఎవరో అరిచారు. శేషయ్య పట్టుపంచె ఎగ్గట్టి పరుగులాంటి నడకతో మెట్ల దాకా పోయాడు. కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

“యాడికి పోతాండావ్?”

“లోపలికి. నేను పోకుంటే ఎన్నికే లేదు.”

“లోపలికి మెంబర్లే పోవల్ల. పక్కకు జరుగు.”

“ఏందీ, నన్నే జరగమంటావా? ఈ మండలంలో నన్నెరగనోడు యాడన్నా ఉండాడా?”

వెనకనుంచి మహేష్ రొప్పుతూ వచ్చాడు. “మెంబరన్ననే ఆపుతావా సారూ? కంటికి రెప్ప మాదిరి కాపాడి తెచ్చినాం. వదులు!”

కానిస్టేబుల్ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. లాఠీతో కిటికీ చూపించాడు. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ ఊచల్లోంచి తొంగి చూశారు.

అవతలి పార్టీ బెంచీలో, పదిమంది పక్కన పదకొండో చెయ్యి ఎత్తి కూర్చుని ఉంది, ఆడవాళ్ళకు కేటాయించిన సీట్లో ఊరు ఓట్లేసి గెలిపించిన అసలు మెంబరు, దేవమ్మ.