ఊరికే వచ్చిన బేరింగులు

పుల్లర్ జారి షావుకారు వేళ్లు ఇనుముకు కొట్టుకున్నాయి.

చటుక్కున వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. గ్రీజు రుచి తెలిశాక కారును తిట్టాడు. తర్వాత దాన్ని తయారుచేసినవాళ్లను తిట్టాడు.

ఆయనది తాళాల కొట్టు. కారు తండ్రిది. కొట్టు పెట్టిన కొత్తలో తాళాల పెట్టెలన్నీ మోసింది అదే. వెనక సీటు మీద ఆ పెట్టెల గీతలు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు వెనక చక్రాల బేరింగులు అరిగిపోయి, కదిలితే పిండిమర ఆడినట్టు చప్పుడు.

మెకానిక్కుకిస్తే మజూరీ కారు ధరను మించుతుందని లెక్కగట్టి, ఇంట్లోనే విప్పడం మొదలుపెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది. చక్రం వెనకాల బేరింగు కూర్చునే హబ్ మాత్రం పుల్లర్‌తో ఎంత లాగినా ఊడి రాలేదు.

బావమరిది వచ్చి చోద్యం చూశాడు.

"ఏం బావా, నీ కొట్లో తాళాలకన్నా ఇదే గట్టిగా ఉన్నట్టుందే."

షావుకారుకు ఒళ్లు మండింది.

"ఆదివారానికి ఇది వీధి చివరిదాకా వెళ్లి రాకపోతే నీ పాతసామాన్లవాణ్ణి పిలుచుకో. ముక్కలు చేసి పట్టుకుపోనీ."

"నేను విన్నాను" అంది భార్య వంటింట్లోంచి. షెడ్డు ఖాళీ అయితే సరుకు పెట్టుకోవచ్చని ఆవిడ ఎప్పటినుంచో చెబుతోంది.

మాట ఇచ్చి తప్పితే వ్యాపారి పరువు ఏముంటుంది?

హబ్ ఎలాగో ఊడింది. లోపల గుండ్లన్నీ గుంటలు పడి ఉన్నాయి. ఊళ్లో తిరగని దుకాణం లేదు. ఆ సైజు రావడం ఎప్పుడో ఆగిపోయిందన్నారు. ఒకడైతే మ్యూజియంలో అడగమన్నాడు.

ఆ సాయంత్రం ఒక పెద్దాయన గేటు తోసుకుని లోపలికొచ్చి కారు పక్కన నిలబడ్డాడు. ముక్కూమొహం తెలియని మనిషి. దుకాణంలో విన్నానని చెప్పి, బేరింగులు దొరకలేదా అని అడిగాడు.

"దొరికితే ఇలా నేల మీద ఎందుకు కూర్చుంటాను? చూడ్డానికి టిక్కెట్టు లేదు గానీ, కాస్త వెలుతురుకు అడ్డం తప్పుకోండి."

ఆయన తప్పుకున్నాడు గానీ వెళ్లలేదు. కారు సంగతులు ఒక్కొక్కటే అడిగాడు. షావుకారు విసుగులోనే అంతా కక్కేశాడు: తండ్రి, తాళాల పెట్టెలు, బావమరిది, ఆదివారం.

పెద్దాయన వెనక సీటు మీది గీతల్ని వేలితో తడిమాడు. తర్వాత ఎండ తగ్గడం చూసి కంగారుపడ్డాడు. భార్య నడవలేదట, సాయంత్రం కాస్త గాలికి బయట తిప్పుకు రావాలట, ఎదురుచూస్తుంటుందట. గబగబా వీధి మలుపు వైపు వెళ్లిపోయాడు.

ఇలాంటివాళ్లకు వేరే పని ఉండదనుకున్నాడు షావుకారు.

శనివారం ఆయన మళ్లీ వచ్చాడు. ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చేతిలోని గుడ్డమూట విప్పాడు. అందులో రెండు బేరింగులు, కిరసనాయిలుతో శుభ్రంగా కడిగినవి.

షావుకారు ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. చప్పుడు లేదు. అయినా సరుకును మెచ్చుకుంటే ధర పెరుగుతుందని ఆయనకు తెలుసు.

"వాడినవే కదండీ ఇవి."

"వాడినవే. ఇంకా బతుకుంది వాటికి."

"ఎక్కడివి?"

"మా ఇంటి షెడ్డులో ఉన్నాయి."

"ఎంత చెబుతారు?"

"ఏమీ వద్దండీ. మీ నాన్నగారి బండి ముక్కలు కాకపోతే చాలు."

షావుకారుకు అనుమానం ఇంకా పెరిగింది. ఊరికే వచ్చినదానికి వడ్డీ ఎక్కువ. ఎందుకైనా మంచిదని కొట్టు నుంచి అమ్ముడుపోని తాళం ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"షెడ్డుకు వేసుకోండి. ఎవరి బాకీ వాళ్లకు చెల్లు."

పెద్దాయన నవ్వాడు.

"వేసుకుంటాను. ఎవరో తోలుకుపోతారన్న భయం ఇప్పుడైతే లేదులెండి."

అరిగిన బేరింగును పెద్దాయన తెచ్చినదాని మీద ఆనించి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టుకుంటూ లోపలికి దించారు. పొద్దు వాలినా పెద్దాయన లేవలేదు. ఇంట్లో ఎదురుచూస్తుంటారేమో అని షావుకారే గుర్తుచేశాడు.

"ఇవాళ బయటికి వెళ్లేది లేదండీ" అన్నాడాయన, టార్చి దగ్గరగా పట్టుకుంటూ.

ఆదివారం కారు వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. బావమరిది తెచ్చిన లారీ ఖాళీగా తిరిగిపోయింది.

షావుకారు సంతోషం ఆ వారం కూడా నిలవలేదు. వెనక చప్పుడు ఆగాక ముందు చక్రాల చప్పుడు వినపడింది. ఇన్నాళ్లూ దాని కింద ఇది దాక్కుంది. ఒక దొంగను పట్టుకుంటే ఇంకో దొంగ బయటపడ్డట్టయింది.

అప్పుడు ఆయనకు లెక్క తేలింది.

"ఊరికే ఇచ్చేవాడు లోకంలో ఉండడే. ముందు శాంపిల్ ఇస్తాడు, తర్వాత గుంజుతాడు. ఆయన దగ్గర పెట్టెల కొద్దీ సరుకుంది" అన్నాడు భార్యతో.

"ఆయన పేరైనా అడిగారా?" అంది ఆవిడ.

పేరు అడగలేదు. నీళ్ల ట్యాంకు వెనక వీధిలో నీలం గేటు అని మాటల్లో అన్నది మాత్రం గుర్తుంది.

సాయంత్రం కారులోనే బయల్దేరాడు. ఎంత చెబితే ఎంతకు దించాలో, ఏ మాటకు లేచి వచ్చేస్తున్నట్టు నటించాలో దారంతా చూసుకున్నాడు.

నీలం గేటు తెరిచే ఉంది. పక్కన షెడ్డు తలుపులు కూడా బార్లా తీసి ఉన్నాయి. తానిచ్చిన తాళం కొక్కేనికి వేలాడుతోంది.

లోపల తన కారులాంటిదే ఇంకో కారు.

స్టీరింగు ముందు పెద్దాయన, పక్కన ఆయన భార్య అద్దాలు దించుకుని సాయంకాలపు గాలికి కూర్చుని ఉన్నారు, వెనక చక్రాలు ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి ఉన్నాయి.