పాక హోటలు వడ్డన

ఎదురుగా కంచం ఉంది. సీతారామాంజనేయులు చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

"ఒక్క ముద్ద, నాన్నా," అంది కీర్తిప్రియ.

నోటిదాకా తీసుకెళితే ముఖం తిప్పేసుకున్నాడు.

వారం నుంచీ ఇదే వరస. మతిమరుపు జబ్బు. నాలుగు చెంచాల పాలు తప్ప ఏదీ దిగడం లేదు. సోమవారం దాకా చూసి ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు బెజవాడ డాక్టరు.

ఆయన నోట వచ్చే మాట ఒక్కటే, పాక హోటలు. అందుకే కారెక్కించి, నూజివీడు దాటి, రెడ్డిగూడెం మామిడి తోటల్లోని ఈ రిసార్టుకి తీసుకొచ్చింది.

ఆమె చిన్నప్పుడు ఏటా వేసవి సెలవులకి ఇక్కడికే వచ్చేవారు. అప్పుడు పెంకుటి గదులు, తోట మధ్య తాటాకు పాకలో భోజన హోటలు, గేటు పక్కన పునుగుల కొట్టు. ఇప్పుడు పాక ఉన్నచోట స్విమ్మింగ్ పూల్, పునుగుల కొట్టు చోట కార్ల పార్కింగు, తిండికి ఏసీ హాలు. నిన్న దిగీ దిగగానే ఆయన వాచ్‌మన్ సాంబయ్యని కూడా పాక హోటలు ఏదని అడిగాడు. సాంబయ్య తల దించుకుని సామాన్లు అందుకున్నాడు.

అన్నీ పోయాయి, ఇంకేం చూసి తింటాడీయన? కీర్తిప్రియకి ఏడుపొచ్చింది. ముఖం కడుక్కుందామని లేచి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి నాన్న పక్కన ఎవరో ముసలాయన. మాసిన పంచె, భుజాన తువ్వాలు. కంచం మీదికి వంగి ఉన్నాడు. చేతికి పప్పు అంటుకుని ఉంది. కంచం సగం ఖాళీ.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"జబ్బుమనిషి కంచంలోది తినడానికి మనసెలా ఒప్పిందండీ మీకు?"

హాలంతా ఇటు తిరిగింది. ముసలాయన కంచం వైపు చూపించాడు.

"ఇంకాస్త పెట్టండమ్మా," అన్నాడు.

పైగా ఇంకా కావాలట! ఆమె మేనేజర్ని కేకేసింది. మేనేజరు వచ్చేలోపే ఆయన తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు చూసింది. నాన్న మీసానికి మెతుకు. వేళ్ళ నిండా మామిడికాయ పప్పు.

"నువ్వే తిన్నావా నాన్నా?"

"పాక హోటల్లో అందరికీ నెయ్యి పడ్డాక, వడ్డించినాయన 'ఇక కానివ్వండి' అంటేగానీ ముట్టుకోకూడదమ్మా. ఇన్నాళ్ళకి వచ్చాడు. మారు వడ్డించకుండా ఎటు పోయాడు?"

వారం రోజులుగా ఆయన తిండి వద్దనడం కాదు, ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆమె గబగబా నెయ్యి వేసి, కానివ్వండి నాన్నా అంది. నువ్వంటే ఎలా అన్నాడాయన. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

కీర్తిప్రియ గేటుదాకా పరిగెత్తింది. ఆయన విస్సన్నపేట బస్సెక్కేశారన్నాడు సాంబయ్య. అతని చేతే ఆయనకి ఫోను చేయించింది. ఎత్తలేదు. ఆయన కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ వస్తారా అని సాంబయ్యని అడిగింది.

"రారండి. మీ నాన్నగారి సంగతి చెప్పి, ఎంతో బతిమాలితే ఈ ఒక్కసారి వచ్చారండి," అంటూ సాంబయ్య కళ్ళు ఒత్తుకున్నాడు. "పాక తగలబడ్డప్పుడు లోపలున్న ఇంటావిడని పోగొట్టుకుని, ఇక ఈ జన్మలో ఎవరికీ వడ్డించనని ఒట్టేసుకున్న హోటలు ఓనరు కోటేశ్వరరావు గారండి ఆయన."