ముప్పావుగంట దారి

"విమానం ఎక్కుతున్నా బామ్మర్దీ, ముప్పావుగంటలో నీ ముందుంటా" అని బావ అవతలి ఊరినుంచి ఫోన్ చేసి పట్టుమని పది నిమిషాలు కాలేదు. ఇక్కడి విమానాశ్రయం బయట ఆగున్న బామ్మర్ది టాక్సీ వెనక తలుపు తీసుకుని బావ ఎక్కి కూర్చున్నాడు.

"విమానంలో వచ్చావా, ఎవరైనా ఊదితే ఎగిరొచ్చావా బావా?" అని డ్రైవరు వేళాకోళమాడాడు. ఎప్పుడూ పగలబడి నవ్వే బావ నవ్వలేదు. దారి పొడుగునా వెనక సీట్లో ఊపిరి చప్పుడైనా లేదు.

ఇంటి మలుపులో ఫోన్ మోగింది. బావే.

"విమానం ఇంకా కదల్లేదురా. అక్కని పడుకోమను."

డ్రైవరుకి అద్దంలోకి చూసే ధైర్యం చాల్లేదు. ఎదురుగా అక్క, చంటిపిల్లని చంకనేసుకుని గేటు తీస్తోంది. ఆపకుండా బండి పోనిచ్చాడు.

వెనకనుంచి బావ గొంతే, మెల్లగా: "ఇల్లు దాటిపోయింది బామ్మర్దీ. పిల్ల మేలుకునే ఉంది, వెనక్కి తిప్పు."