చివరి బెంచీ ముందు స్టూలు

బడికి ఒక మనిషిని ఇమ్మంటే ఏళ్ల తరబడి నిధుల్లేవంటారే, ఉన్న మనిషిని పీకేయడానికి మాత్రం ఒక్క మూర్ఖుడి మాట చాలిందా సర్కారువారూ మీకు?

ఆ మూర్ఖుడు గేట్లకీ కిటికీ ఊచలకీ అతుకులేసే వెల్డరు. నోరు పెద్దది. మనసు చెడ్డది కాదు.

బడి గేటు మడతబందు ఊడిపోతే అతకడానికి వెళ్లాడు. పని సగంలో కరెంటు పోయింది. ఖాళీగా నిలబడలేక, కూతురి క్లాసు కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.

టీచరు బోర్డు మీద భిన్నాలు చెబుతోంది. చివరి బెంచీ ముందు ఇంకో ఆవిడ, బోర్డుకి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంది. చేతిలో పుస్తకం లేదు, సుద్దముక్క లేదు. ఏదో నములుతున్నట్టు నోరు కదుపుతోంది. మాట బయటికి రావడం లేదు.

ఆవిడకి ఎదురుగా, ఆ బెంచీ మీద ఇద్దరే. ఒకడు పొద్దస్తమానం బల్ల మీద దరువేసే పిల్లవాడు. అందరూ వాణ్ని డప్పు అంటారు. పక్కన ఉన్నది వెల్డరు కూతురు.

అటు పోతున్న అటెండరుని ఆపి ఆరా తీశాడు. ప్రత్యేక టీచరట. లోపమున్న పిల్లల కోసం సర్కారు వేసిందట.

ఓహో, డప్పుగాడికి కాపలా అన్నమాట, అనుకున్నాడు. కడుపు మండింది. సైన్సు చెప్పే దిక్కులేక పిల్లలు అల్లాడుతుంటే, ఒకడి దరువు వినడానికి ఒక మనిషా?

ఆ నెల తల్లిదండ్రుల సమావేశానికి పైఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. ఇంకేం, వెల్డరు లేచాడు.

"ఒక్క పిల్లాడికి ఒక మనిషా సార్? పైగా పాఠానికి వీపు పెట్టి రోజంతా నెమరేస్తుంది. నా షెడ్డులో అలా కూర్చుంటే మధ్యాహ్నానికే ఇంటికి పంపేస్తాను."

జనం గొల్లున నవ్వారు. హెడ్మాస్టరు ఏదో చెప్పబోయి, వెల్డరు ముఖం చూసి, మింగేశాడు. ఆవిడ గోడవారగా నిలబడి అంతా విన్నది. ఒక్క మాట అనలేదు. తప్పు చేసింది కాబట్టే నోరు లేవలేదనుకున్నాడు వెల్డరు.

నవ్వనివాడు ఆఫీసరు ఒక్కడే. ఖర్చు తగ్గించమని పైవాళ్లు నెత్తిన కూర్చుంటే, వెతకబోయిన సాకు కాలికి తగిలింది.

కొద్ది రోజుల్లోనే ఆవిడ పోస్టు పోయింది. ఆ ఒక్క బడిలోనే కాదు, చుట్టుపక్కల బడులన్నిట్లో. తల్లిదండ్రులే వద్దన్నారని కారణం చూపించారు. తన మాటకి ప్రభుత్వమే కదిలిందని వెల్డరు షెడ్డుకి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత అతని కూతురు ముడుచుకుపోయింది. బడి నుంచి వచ్చి ఒక మూలకి చేరేది. టీచరు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పరధ్యానం, అడిగిందొకటి చెప్పేదొకటి, క్లాసంతా నవ్వుతున్నారు. చివరికి ఒక పొద్దున సంచీ మంచం కిందికి తోసేసి, ఇక బడికి పోనని గోడవైపు తిరిగి కూర్చుంది.

ఇంటి ముందు గదే షెడ్డు. ఆ రొదలో ఆ ఇంట్లో ఎవరైనా అరిచే మాట్లాడతారు. వెల్డరు గ్రైండరు ఆపకుండానే కేకేశాడు. పిట్టా, లేస్తావా, నన్ను రమ్మంటావా, అని.

భార్య వచ్చి స్విచ్చి కట్టేసింది.

"ఇప్పుడు పిలవండి. అరవకుండా, మనిషిని పిలిచినట్టు."

"పిట్టా" అన్నాడు మామూలు గొంతుతో.

పిల్ల కదల్లేదు. దగ్గరికి వెళ్లి వెనక నిలబడి మళ్లీ పిలిచాడు. తలైనా తిప్పలేదు.

వెల్డరు భార్య వైపు తిరిగాడు.

బడికి డాక్టరు వచ్చి చెవులు పరీక్షించిన రోజే బయటపడిందనీ, ఆ కాగితం పైఆఫీసుకి పోయాకే ఆవిణ్ణి వేశారనీ చెప్పింది భార్య. మా వంశంలో చెవుడేమిటని అతను బడి మీదికి గొడవకి పోతాడని భయపడింది. పిల్లకి చెవిటిదన్న పేరు పడకూడదని హెడ్మాస్టరు దగ్గరా, ఆవిడ దగ్గరా మాట తీసుకుంది.

"టీచరు చెప్పే ప్రతి ముక్కా ఆవిడ పెదాల మీద చూపించేదండీ. మిగతా పిల్లలకి అడ్డం రాకూడదని చప్పుడు లేకుండా. ఆ డప్పుగాడి పక్కన బడి మొత్తానికి మన పిల్లొక్కతే ఎలా కూర్చుంటోందని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా?"

వెల్డరు చేతులైనా కడుక్కోకుండా ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. తలుపుకి తాళం. బతుకుతెరువు కోసం వేరే ఊరు పోయిందనీ, ఎక్కడికో తెలియదనీ పక్కింటివాళ్లు అన్నారు.

అక్కణ్ణుంచి నేరుగా పైఆఫీసుకి పోయాడు. ఆఫీసరు గుర్తుపట్టి మర్యాద చేశాడు. విషయం విన్నాక ముఖం చిట్లించాడు. మీరు అడిగారనే తీసేశామన్నాడు. తీసేసిన పోస్టు మళ్లీ రావాలంటే నిధులు కావాలి, వచ్చే ఏడాది చూద్దామన్నాడు.

వెల్డరు ఈసారి గొంతు పెంచలేదు.

"నా కూతురి చెవుల సంగతి డాక్టరు రాసిచ్చింది మీ ఆఫీసుకే కదా సార్. నేను తెలియక అడిగాను. మీరు తెలిసి తీసేశారు."

ఆఫీసరు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. వెల్డరు వాటి మీద మసి చెయ్యి పెట్టాడు.

"వచ్చే ఏడాదికి నా పిల్ల బడే మర్చిపోతుంది. ఆవిణ్ణి వెతికించండి. దొరక్కపోతే ఆ పని వచ్చినవాళ్లని వెయ్యండి. నా పిల్ల ఒక్కదానికే కాదు, ఎన్ని బడుల్లో పీకారో అన్నిట్లో వెయ్యండి. ఆ ఆర్డరు ఇప్పుడు, నా కళ్లముందు రాయండి."