గోడ అవతల గరగర

మళ్ళీ అదే గరగర!

టైలరమ్మ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకి కుట్టుమిషను మీదకి విసిరికొట్టింది.

తుఫానులో కొడుకు ఎక్కిన పడవ మునిగింది. శవం కూడా దొరకలేదు. పోయినవాళ్ళ గొంతులు రికార్డరులో పడతాయని నమ్మే బృందం ఒకటుంటే, వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వాళ్ళే ఈ రికార్డరు ఇచ్చి పద్ధతి నేర్పారు. ఒక ప్రశ్న అడగాలి. జవాబుకి చోటు వదిలి మౌనంగా ఉండాలి. తర్వాత ఆ మౌనాన్ని చెవులు రిక్కించి వినాలి.

రోజూ మధ్యాహ్నం మిషను ఆపి ఆమె అడిగేది ఒకటే.

"నాన్నా, ఆఖర్లో నీకు తోడు ఎవరూ లేరా?"

సరిగ్గా ఆ ప్రశ్న తర్వాతే గరగర.

మొదట్లో వాడేననుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బృందం పెద్ద విని పెదవి విరిచాడు.

"ఆత్మా లేదు, పాడూ లేదు. మీ పక్కన ఎవరో వైర్‌లెస్ సెట్టు వాడుతున్నారు. ఆ మోతే మీ రికార్డరులో దూరుతోంది."

పక్కవాటాలో ఈమధ్యే ఓ ముసలాయన దిగాడు. ఆయన కిటికీ మీద ఏరియల్ తీగ ఊగుతోంది.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మెళ్ళో కొలతల టేపుతోనే వెళ్ళి తలుపు బాదింది.

"ఏమండీ పెద్దాయనా! పోయినవాడి గొంతు కూడా విననివ్వరా నన్ను?"

ముసలాయన బిత్తరపోయాడు.

"అమ్మా, మీతో ఒక్క మాట..."

"మీ మాటలే వద్దంటున్నా! ముందా డబ్బా కట్టెయ్యండి."

"గోడ పల్చనమ్మా. మీరు అడిగేది నాకూ వినబడుతుంది. అందుకే..."

"గోడకి చెవి ఆనించి వింటున్నారా? ఇంత వయసొచ్చింది, సిగ్గులేదూ?"

ముసలాయన తల వంచుకుని తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

రెండు రోజులు ఊరుకున్నాడు. మళ్ళీ గరగర మొదలు.

ఈసారి టైలరమ్మ ఇంటి ఓనరమ్మ దగ్గర ఒంటికాలి మీద లేచింది.

"ఆయనుంటాడో నేనుంటానో తేల్చండి అత్తయ్యగారూ!"

"పాపం, గుండెజబ్బు మనిషే అమ్మాయ్."

"మరి నాది గుండె కాదా?"

పాత అద్దెమనిషి మాట తీసెయ్యలేక, ఓనరమ్మ ఆయన్ని ఖాళీ చెయ్యమంది.

వెళ్ళేరోజు ఆయన టైలరమ్మ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తెర కింద ఆ పాదాలు ఆమెకి కనబడుతూనే ఉన్నాయి. మిషను ఇంకా గట్టిగా తొక్కింది.

పీడ విరగడైంది. రికార్డింగు కడిగినట్టు శుభ్రంగా వచ్చింది.

అందులో ఏమీ లేదు. ఆమె ప్రశ్న, ఆమె ఊపిరి, అంతే.

ఎన్నిసార్లు అడిగినా అంతే. దిక్కుమాలిన రికార్డరు మీద, బృందం మీద, జవాబు చెప్పని కొడుకు మీద కూడా కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఓనరమ్మ వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"ఆ ముసలాయన పోయాడట అమ్మాయ్. వాళ్ళ చెల్లెలు ఇక్కడ మిగిలిపోయిన సామాన్లకని వచ్చి చెప్పింది."

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉండిపోయింది.

"ఇన్ని ఇళ్ళుండగా నా ఇంటికే ఎందుకొచ్చాడో తెలుసా?"

"నా ప్రాణం తియ్యడానికి."

"నీ కోసమే వచ్చాడు! నీ ఇల్లెక్కడో వాకబు చేసి మరీ పక్కవాటాలో దిగాడు. ఎదురుగా చెప్పబోతే నువ్వు చెప్పనివ్వలేదు. నువ్వు గోడ ఇవతల అలా అడిగినప్పుడల్లా తట్టుకోలేక, సెట్టు మీట నొక్కి మీవాడి పడవని పిలిచేవాడట."

టైలరమ్మ చేతిలో దారం జారిపోయింది.

"మావాడి పడవని... ఆయనెందుకు పిలవడం?"

ఓనరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆ తుఫాను రోజు రేవు వైర్‌లెస్ గదిలో కూర్చుని, పడవ మునిగేదాకా మీవాడికి భయం వెయ్యకుండా మాట్లాడుతూ తోడున్నది ఆయనేనమ్మా."