ఫోన్ చేసే మనిషి

ఫోన్ మోగేసరికి కళ్ళద్దాల దుకాణం ఆయన చేతిలో ఉన్న అద్దం ఫ్రేములో కూర్చోకుండా జారి బల్ల మీద పడింది.

అదృష్టం, పగల్లేదు.

"అన్నయ్యా, రేపు వాయిదా."

"తెలుసమ్మా."

నిజానికి తెలియదు. భార్య పోయాక ఆయనకు ఏ తారీఖూ తలకెక్కడం లేదు. పొద్దున దుకాణం తెరవడం, సాయంత్రం మూయడం, మధ్యలో ఎవరి కళ్ళకో అద్దాలు బిగించడం. ఏడుపు కూడా రావడం లేదు.

ఇంటి అప్పు వాయిదా మాత్రం ఒక్కటీ తప్పలేదు. ప్రతి నెలా ముందురోజు ఈ ఫోన్ వస్తుంది కాబట్టి.

ఆవిడ అప్పిచ్చిన సహకార సంఘం ఉద్యోగి అనుకున్నాడు. పేరు అడగలేదు. ఫోనులో 'వాయిదా ఆవిడ' అని రాసుకున్నాడు.

"భోంచేశారా అన్నయ్యా?"

ఆ రోజు ఎందుకో చిరాకేసింది.

"జీతం తీసుకుంటున్నావు, గుర్తు చేస్తున్నావు. అక్కడితో సరి. నా తిండి గోల నీకెందుకమ్మా?"

అవతల చిన్న నవ్వు.

"నిజమేలెండి. రేపు మాత్రం మరచిపోకండి."

తర్వాతి నెల ఫోన్ రాలేదు. ఆ పై నెలా రాలేదు.

రాలేదన్న సంగతి కూడా ఆయనకు తట్టలేదు. ఒక సాయంత్రం ఇంటి తలుపు తీస్తే, కాళ్ళ దగ్గర సంఘం వాళ్ళ నోటీసు పడి ఉంది. రెండు వాయిదాలు తప్పాయి, మూడోది కూడా తప్పితే ఇల్లు స్వాధీనం చేసుకుంటారు.

నిలబడే చదివాడు. మళ్ళీ చదివాడు.

ఆ ఇల్లు భార్య ఏరికోరి కొనిపించినది. "మీకు బేరాలు చేతకావు, దుకాణం చూసుకోండి" అని అప్పు కోసం తనే తిరిగింది. ఆయన సంతకం పెట్టే రోజున మాత్రం వెళ్ళాడు. వంటింట్లో ఆమె చెయ్యి ఆనించే చోట గోడ ఇంకా నున్నగానే ఉంది.

అది పోతే ఆయనకు మిగిలేది ఆ దుకాణం బల్లే.

మర్నాడు భార్య తరఫు మేనకోడలు దుకాణానికి వచ్చింది. వాళ్ళూ ఇల్లు కొనే హడావిడిలో ఉన్నారు.

"మామయ్యా, ఇంటి అప్పుకి ఎవర్ని నమ్మొచ్చు? మా ఆయన కరపత్రాలన్నీ మంచం మీద పరిచాడు. మేం కింద పడుకుంటున్నాం."

"వడ్డీ అన్ని చోట్లా అటూ ఇటూగా ఒకటేనమ్మా. ఫోన్ చేసే మనిషి ఎక్కడుందో చూసుకో."

"అదేం లెక్క?"

"మా సంఘంలో ఒకావిడ ఉంది. పద, చూపిస్తాను. ఆవిడతో నాకూ పనుంది. రెండు నెలలుగా ఫోన్ మానేసి నన్ను నట్టేట ముంచింది."

సంఘం అంటే మేడ మీద ఒక గది. సంఘం నడిపే పెద్దాయన వీళ్ళని చూసి, అడక్కుండానే ఫ్యాను ఇటు తిప్పాడు.

కళ్ళద్దాలాయన తప్పిన వాయిదాలు రెండూ కట్టాడు. పెద్దాయన రసీదు రాసిచ్చి, "ఇక ఇంటికేం భయం లేదు" అన్నాడు.

"మీ మనిషి ఫోన్ చేసి ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదండీ."

"మా మనిషా? మేం నోటీసులు పంపుతాం గానీ ఫోన్లు చెయ్యం బాబూ. ఇక్కడున్నది నేనూ, ఆ గుమాస్తానూ. వాడు ఎదురుగా ఉన్నవాణ్ణే పలకరించడు."

గుమాస్తా తల ఎత్తలేదు.

కళ్ళద్దాలాయన తన ఫోనులో నంబరు చూపించాడు. పెద్దాయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, తన ఫోనులో వెతికాడు.

"ఈవిడా? మీ చెల్లెలు కదూ?"

"నాకు చెల్లెళ్ళు లేరు."

పెద్దాయన ముఖంలో నవ్వు తగ్గింది.

"వాయిదా రోజు సాయంత్రం మాకు ఫోన్ చేసేది. 'మా కళ్ళద్దాల అన్నయ్య కట్టారా?' అని. కట్టారమ్మా అంటే, 'హమ్మయ్య' అని పెట్టేసేది. చెల్లెలే అనుకున్నాం."

మేనకోడలు ఇద్దరి ముఖాలూ చూసింది. ఫోన్ అందుకుని ఆ నంబరుకు తనే చేసింది. అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

చాలాసేపు మోగాక మగగొంతు పలికింది.

"కళ్ళద్దాల అన్నయ్యగారేనా?"

"ఆ... ఆవిడ లేరా?"

"నేను ఆవిడ భర్తనండీ. తను పోయి రెండు నెలలు దాటింది. రాత్రి బాగానే పడుకుంది, పొద్దున లేవలేదు. మీకు చెప్పాల్సింది. ఈ ఫోన్ ముట్టుకోవడానికే చెయ్యి రాలేదు."

ఆ చెయ్యి రాకపోవడం ఏమిటో కళ్ళద్దాలాయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోను మీదికి వంగాడు.

"నాకెందుకు ఫోన్ చేసేవారండీ ఆవిడ?"

"మీ ఇంటావిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఆవిడ చూడ్డానికి వెళ్ళింది. 'నా తర్వాత ఆయనకి వాయిదా ఎవరు గుర్తు చేస్తారు?' అని మీ ఆవిడ బెంగపడిందట. 'నేను చేస్తాలే వదినా' అని మా ఆవిడ మాటిచ్చి వచ్చింది."

"మా ఆవిడకి ఈవిడ ఎలా తెలుసు?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఆ ఇంటి అప్పు దగ్గరే వాళ్ళకి స్నేహం కుదిరింది. మీ ఆవిడ మొదట వెళ్ళింది పెద్ద రోడ్డు మీదున్న బ్యాంకుకి కదండీ. అక్కడ, 'మా షరతులు మీకు మంచివి కావు, ఆ సంఘంలో తీసుకోండి' అని వెనక్కి పంపిన ఆఫీసరు... మా ఆవిడే."