మారే క్షణం

మిషన్ ఒక్కసారి కీచుమంది.

చిప్ ఇంజనీరు కుర్చీలోంచి దిగ్గున లేచింది. మంచం మీద ఆమె నాలుగేళ్ల కొడుకు. మూతికి మాస్కు, మాస్కుకో గొట్టం. ఆ గొట్టం చివర ఊపిరి అందించే మిషన్. దాన్ని నడిపించే చిప్పు చేసినవాళ్లలో ఆమె కూడా ఉంది.

"మీ కంపెనీ మిషనే కదమ్మా, మీకు చెప్పేదేముంది? బాబు ఊపిరి తీరు మారితే అదే సర్దుకుంటుంది" అని డాక్టరు ఇందాకే చెప్పి వెళ్లాడు.

ఆ సర్దుకునే క్షణమే ఆమె భయం.

"కూర్చో తల్లీ" అంది పక్క కుర్చీలోని పెద్దావిడ. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉంది. ఎవరి తాలూకో తెలీదు. "సర్దుకోవడమంటే లోపల ఏం జరుగుతుంది?"

"చిప్పులో ఒక్క ముక్క చెరిపేసి కొత్తగా రాసుకుంటుంది. మిగతాది నడుస్తూనే ఉంటుంది."

"రాసుకునేలోపు?"

"ఊపిరిని కనిపెట్టేది ఆ ముక్కే. అందాకా మిషన్‌కి కళ్లుండవు." ఆమె కొడుకు మాస్కు సరిచేసింది. "ఇదివరకు చాలాసేపు పట్టేది. ఇప్పుడు రాయాల్సింది కుదించి ముందే దగ్గర పెట్టుకుంటుంది. రెప్పపాటు కూడా పట్టదు."

"మరి భయమెందుకు?"

"ల్యాబ్‌లో పట్టలేదు. ల్యాబ్‌లో పడుకున్నది నా కొడుకు కాదుగా!"

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం కాదు. నాది భరోసా."

ఆమె విదిలించుకుంది. "మీకేం తెలుసని భరోసా? ఊరికే చెప్పడం తేలికే. మీ బిడ్డయితే తెలిసేది!"

పెద్దావిడ లేచి పిల్లవాడి దుప్పటి సర్దింది.

అంతలో పిల్లవాడు ఎగశ్వాస తీశాడు. పక్కటెముకలు లోపలికి పీక్కుపోయాయి. మిషన్ తెర మీద పసుపు దీపం వెలిగింది.

చిప్పు మారుతోంది.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. తాను చేసినదంతా తప్పేమో అనిపించింది.

బుస్... బుస్...

గొట్టం ఆగలేదు.

కళ్లు తెరిచింది. దీపం ఆరిపోయి ఉంది. చిన్న ఛాతీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది.

"ఆగలేదు పెద్దమ్మా!" అంటూ భోరుమని పక్కకు తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

వరండాలోకి పరుగెత్తింది. లిఫ్టు అప్పుడే కిందికి దిగిపోయింది.

ఎదురొచ్చిన నర్సుని ఆపింది. "ఆ పెద్దావిడ ఏ మంచం తాలూకు? నేను నోరు జారాను. రేపు వస్తారా?"

"ఇక రారు మేడమ్. ఊరు వదిలి వెళ్లిపోతున్నారు. ఆవిడకిక్కడ ఎవరూ లేరు. ఈ మిషన్ మీద ఏ బిడ్డ ఉన్నా వాళ్లమ్మకి తోడుగా వచ్చి కూర్చునేవారు."

"ఎందుకు?"

నర్సు గొంతు తగ్గించింది.

"పాత చిప్పు మారేలోపు పోయింది ఆవిడ మనవడే మేడమ్, దాని వేగం పెంచేదాకా మీ కంపెనీ పెద్దల్ని నిద్రపోనివ్వనిది కూడా ఆవిడే."